కటకటాల వెనక కచేరీ

సంగీత కళాశాలని యూరప్ భాషల్లో చాలావాటిల్లో 'కన్సర్వేటరీ' అనో, దానికి దగ్గర మాటతోనో పిలుస్తారు. ఆ మాట వినగానే పెద్ద పెద్ద పియానోలు, చలవరాతి మెట్లు, మెడకి సిల్కు రుమాలు చుట్టుకున్న ప్రొఫెసర్లు కళ్ళముందు మెదులుతారు గానీ, గంజి గిన్నెలూ దిక్కులేని పిల్లలూ ఎవరికి గుర్తొస్తారు చెప్పండి? కానీ ఆ మాట పుట్టింది ఆ పిల్లల దగ్గరే. ఇటాలియన్ భాషలో 'కన్సెర్వారె' అంటే కాపాడటం, భద్రంగా ఉంచడం. 16వ శతాబ్దంలో నేపుల్స్ నగరంలో తల్లిదండ్రులు లేని మగపిల్లల్ని చేరదీసి పెంచే ఇళ్ళని 'కన్సెర్వతోరియో' అనేవారు. అలాంటివి నాలుగు ఉండేవి. వాటిల్లో అన్నిటికన్నా పాతది 1537 నాటిది.

పిల్లలకి తిండీ బట్టా పెడితే సరిపోదుగా, పెద్దయ్యాక బతకడానికి ఏదో ఒక పని చేతికివ్వాలి. చర్చిల్లో పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ గిరాకీ ఉండేది. సరే, సంగీతం నేర్పారు. నేర్పగా నేర్పగా ఆ నేర్పడమే అసలు పనైపోయింది. అనాథ శరణాలయం అన్న అర్థం మెల్లిగా జారిపోయి, సంగీత విద్యాలయం అన్న అర్థం నిలిచింది. 1795లో పారిస్‌లో ప్రభుత్వం సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి ఆ పేరే పెట్టుకుంది. ఇంత దర్జా అయిన పేరు వెనక ఒకప్పటి ధర్మసత్రం ఉందని తెలిశాక నాకెందుకో ఆ మాట మీద అభిమానం పెరిగింది.

ఇవాళ అమెరికాలోనూ యూరప్‌లోనూ చాలా ఊళ్ళలో యూత్ ఆర్కెస్ట్రాలు ఉన్నాయి. ఆర్కెస్ట్రా అనగానే మన పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడే బృందం అనుకునేరు! వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, బాకాలు పట్టుకుని పదుల కొద్దీ పిల్లలు ఒక్క చేతికర్ర కదలికకి ఒక్కటై వాయించే వాద్యబృందం అది. దాన్లో చేరాలంటే డబ్బుండాలి. వాయిద్యం కొనాలి, మాస్టారికి ఫీజివ్వాలి, ప్రయాణాలు చేయాలి. ఆ స్తోమత లేని పిల్లల కోసం ఊళ్ళోవాళ్ళే కమిటీలుగా కూడి, చందాలు పోగుచేసి స్కాలర్‌షిప్పులిస్తారు. ఇది ఈ కాలపు మంచితనం అనుకుంటాం. కానీ 300 ఏళ్ళ కిందటే వెనిస్ నగరంలో ఊరి దాతల డబ్బుతో పెరిగిన ఆడపిల్లలు యూరపంతా చెప్పుకునే వాద్యబృందంగా తయారయ్యారు. నేపుల్స్ వాళ్ళు మగపిల్లలకి చేసింది వెనిస్ వాళ్ళు ఆడపిల్లలకి చేశారన్నమాట. ఆ కథ చెబుతాను.

వెనిస్‌లో ఇలాంటి ధర్మసంస్థలు నాలుగు. వాటిని 'ఒస్పెదాలె' అనేవారు. ఆస్పత్రి అన్న మాటే అది. రోగులు, బిచ్చగాళ్ళు, కరువులో రోడ్డున పడ్డవాళ్ళు, తల్లీతండ్రీ లేనివాళ్ళు, ఇలా ఒక్కో సంస్థ ఒక్కో రకం అభాగ్యుల్ని ఆదుకునేది. నాలుగింట్లోనూ 'పియెతా' అన్నది పసికందుల కోసం. పియెతా అంటే దయ, జాలి. 1346లో ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి మొదలుపెట్టాడు. దాని గోడలో చిన్న గూడు లాంటిది ఉండేది. పెంచలేని తల్లి చీకట్లో వచ్చి, బిడ్డని ఆ గూట్లో పెట్టి వెళ్ళిపోయేది. కొందరు తల్లులు బిడ్డతో పాటు సగానికి విరిచిన నాణెమో పతకమో పెట్టేవారు. మిగతా సగం తమ దగ్గర దాచుకునేవారు. ఎప్పటికైనా మంచిరోజులొచ్చి బిడ్డ కోసం తిరిగొస్తే, రెండు ముక్కలూ కలిపి చూపించి తమ బిడ్డని అడగొచ్చని ఆశ. అలాంటి సగం ముక్కలు కొన్ని ఇప్పటికీ పియెతా భద్రపరిచే ఉంచింది. జత ముక్క రాని సగాలు! అంతకన్నా ఆ తల్లుల గురించి ఎవరేం రాయగలరు?

ఈ సంస్థల్ని నడిపేవాళ్ళు జీతగాళ్ళు కారు. ఊళ్ళో పేరున్న కుటుంబాల పెద్దలు ఒక సభగా ఏర్పడి, పైసా పుచ్చుకోకుండా లెక్కలు చూసేవారు. ఇవాళ్టి మాటల్లో వాలంటీర్లు. డబ్బు ఎక్కడిదంటారా? భిక్షాపాత్రలో వేసిన చిల్లర, భాగ్యవంతులు వీలునామాల్లో రాసిచ్చిన ఆస్తులు, ప్రభుత్వం అప్పుడప్పుడూ చేసే సాయం. దీనికి తోడు సంగీతం. చర్చిలో ఆడపిల్లల పాటా వాయిద్యమూ బావున్నాయని పేరు రాగానే జనం పెరిగారు. జనం పెరగగానే చందాలు పెరిగాయి. కూర్చునే కుర్చీకి అద్దె తీసుకునేవారు. ఆ డబ్బుతో ఇంకా మంచి మాస్టార్లని పెట్టారు. పిల్లలు ఇంకా బాగా వాయించారు. ఆ పక్క నుంచి చూస్తే ధర్మం, ఈ పక్క నుంచి చూస్తే వ్యాపారం. రెండూ నిజమే. ఇల్లు నడిపే మనకి ఇందులో వింతేం కనిపించదు. పుణ్యానికీ పద్దు రాయాల్సిందే కదా!

పియెతాలో వందల మంది ఆడపిల్లలుండేవారు. అందరికీ సంగీతం రాదు. ఎక్కువమంది కుట్లు, అల్లికలు, పట్టు పని, వంటా వార్పూ నేర్చుకునేవారు. గొంతో చెయ్యో ఉన్నవాళ్ళని ఏరి 'కోరో'లో చేర్చేవారు. కోరో అంటే పాడే, వాయించే బృందం. వాళ్ళు నలభై యాభై మంది. వాళ్ళకి తిండి కాస్త మెరుగు, చేతి ఖర్చుకి కాస్త డబ్బు, కాస్త గౌరవం. ఇంటిపేరు లేని పిల్లలు కదా, వాయిద్యమే ఇంటిపేరయ్యేది. వయొలిన్ వాయించే అన్నా మరియా 'అన్నా మరియా దాల్ వియొలిన్' అయింది. ఓబో ఊదే పిల్ల పెలెగ్రీనా 'దాల్లోబో'. మగవాళ్ళే లేని బృందం కాబట్టి మంద్రస్థాయి పాడే బాధ్యతా ఆడవాళ్ళదే. 'అన్నా దాల్ బాస్సో' అని ఒకామె ఉండేది. పేరు పెట్టడానికి తండ్రి లేకపోతేనేం, చేతిలో విద్య పేరు పెట్టింది.

ఇక్కడ మీకు తెలిసిన ఒక పేరు రావాలి. అంతోనియో వివాల్ది. 'నాలుగు ఋతువులు' రాసినాయన. పాశ్చాత్య సంగీతం తెలియదనుకునేవాళ్ళు కూడా ఏ టీవీ ప్రకటనలోనో, ఏ ఫోను రింగులోనో ఆ వయొలిన్ల పరుగు వినే ఉంటారు. 1703లో, 25 ఏళ్ళ వయసులో, కొత్తగా ఫాదరీ అయిన వివాల్దిని పియెతా వారు వయొలిన్ మాస్టారుగా పెట్టుకున్నారు. జీతం ఏడాదికి 60 డకట్లు. మాస్టారి ఉద్యోగం ఏడాదికోసారి సభ్యుల ఓటుకి వచ్చేది. 1709లో ఓటు తక్కువై ఆయన్ని తీసేశారు. 1711లో మళ్ళీ పిలిచారు. 1723లో ఊళ్ళు తిరుగుతున్న ఆయనతో ఒక ఒప్పందం చేసుకున్నారు. నెలకి రెండు కన్చెర్తోలు రాసివ్వాలి, ఒక్కోదానికి ఒక బంగారు నాణెం. ఒక వాయిద్యం ముందు నడిస్తే మిగతా బృందం వెనక నడిచే రచనని కన్చెర్తో అంటారు. వివాల్ది వందల కొద్దీ రాశాడు. వాటిల్లో చాలావాటిని మొదట వాయించిన వేళ్ళు ఈ తల్లిలేని పిల్లలవి. బసూన్, మాండొలిన్, వియొలా దామోరె లాంటి రకరకాల వాయిద్యాలకి ఆయన రాయగలిగాడంటే, అవన్నీ వాయించగల పిల్లలు ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు కాబట్టే. మాస్టారు పిల్లల్ని తయారుచేశాడంటాం. పిల్లలు కూడా మాస్టార్ని తయారుచేశారు.

1712లో అన్నా మరియా కోసం వివాల్ది చేత ఒక వయొలిన్ కొనిపించారు. ఖరీదు 20 డకట్లు. అంటే ఆయన చేరినప్పటి ఏడాది జీతంలో మూడో వంతు! గోడ గూట్లో దొరికిన పిల్ల చేతికి అంత ఖరీదైన వాయిద్యం పెట్టడానికి ఆ సభలో కూర్చున్న పెద్దమనుషులు తలూపారు. నాకు ఈ కథంతటిలో వాళ్ళ మీద గౌరవం కలిగేది ఇక్కడే. బీదపిల్లకి పాతదీ పగిలిందీ చాలని అనుకోలేదు. ఆ అమ్మాయి ఆ నమ్మకం నిలబెట్టింది. యూరప్ నలుమూలల నుంచీ వచ్చిన యాత్రికులు ఆమె వయొలిన్ గురించి తమ దేశాలకి ఉత్తరాలు రాశారు. వివాల్ది కొన్ని రచనల మీద ఆమె పేరే రాశాడు. ఆమె వాయించిన భాగాలు రాసుకున్న పుస్తకం వెనిస్‌లో ఇప్పటికీ ఉంది. తర్వాత తనే గురువై చిన్నవాళ్ళకి నేర్పింది. అక్కడ పద్ధతే అది. పెద్దమ్మాయిలు చిన్నమ్మాయిలకి నేర్పాలి. పుచ్చుకున్న స్కాలర్‌షిప్పు అలా తీర్చేవారు. పోగా పోగా డబ్బున్నవాళ్ళు కూడా ఫీజు కట్టి తమ ఆడపిల్లల్ని వీళ్ళ దగ్గరికి పాఠాలకి పంపారు. లోకం ఎంత చిత్రమైనదో చూడండి. గూట్లో వదిలేసిన పిల్ల దగ్గరికి, ఊయలలో ఊగిన పిల్ల విద్యకొచ్చింది.

ఇంతవరకూ కథ తియ్యగానే ఉంది. ఇప్పుడు కటకటాల సంగతి.

ఈ అమ్మాయిలు జనం ముందు నిలబడి వాయించేవారు కారు. చర్చిలో పైన బాల్కనీ లాంటి గ్యాలరీ, దానికి అడ్డంగా ఇనప జాలీ. వినవచ్చు గానీ మొహాలు చూడకూడదు. 1743 ప్రాంతాల్లో వెనిస్‌లో ఉద్యోగం చేసిన ఫ్రెంచి రచయిత రూసో, మెండికాంతి అన్న మరో సంస్థలో ఇలాగే పాట విని ఆ జాలీని తిట్టుకున్నాడు. ఆ కంఠాల వెనక దేవకన్యలున్నారనుకున్నాడట. తెలిసిన పెద్దమనిషిని బతిమాలి లోపలికి వెళ్ళి చూస్తే, ఒకమ్మాయికి ఒక కన్ను లేదు, ఒకమ్మాయి మొహం నిండా స్ఫోటకం మచ్చలు. కాసేపు డీలాపడ్డాడు. తీరా వాళ్ళతో మాట్లాడి బయటికి వచ్చేసరికి అందరూ అందంగానే కనిపించారని తనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. మగవాళ్ళు పెళ్ళిచూపులకి వెళ్ళేముందు ఆ పేజీ చదివితే బావుండును.

జాలీ ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. దానికన్నా గట్టి కటకటాలు ఇంకొకటుంది. పియెతా అమ్మాయికి పెళ్ళి సంబంధం వస్తే, సభవారు అన్నీ విచారించి, కట్నం కూడా ఇచ్చి పంపేవారు. కన్నతండ్రి కన్నా నయమే. కానీ కోరో అమ్మాయైతే ఒక షరతు ఉండేది. ఇక మీదట జనం ముందు పాడనని, వాయించనని ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళు నేర్చుకున్న విద్య ఆ గుమ్మం దగ్గర దింపేసి వెళ్ళాలి. వద్దనుకుంటే పెళ్ళి మానేసి, జుట్టు నెరిసేదాకా ఆ గోడల మధ్యే వాయించుకోవచ్చు. అన్నా మరియా అలాగే ఉండిపోయింది. 1782లో, ఎనభై దాటిన వయసులో, అక్కడే కన్నుమూసింది.

దాతలు తిండి పెట్టారు, గురువుని పెట్టారు, 20 డకట్ల వయొలిన్ కూడా పెట్టారు. ఒక్క తాళంచెవి మాత్రం తమ బొడ్లోనే దోపుకున్నారు.

మన ఇళ్ళలో ఈ మాట చదివి ఉలిక్కిపడేవాళ్ళు ఎంతమందుంటారో నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో పాడిన పాటే ఆఖరి పాటైన ఆడవాళ్ళు మన వీధికొకరుంటారు. అటక మీద బట్ట చుట్టిన వీణలు, తీగ తెగినా ఎవరూ అడగని తంబూరాలు. ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోరు. అయినా ఒప్పందం అమలవుతూనే ఉంటుంది.

మనకీ విద్యాదానం కొత్త కాదు. ఒక తరం కిందటి దాకా 'వారాలబ్బాయి' లేని వీధి ఉండేది కాదు. ఊరు కాని ఊరొచ్చి చదువుకునే బీద కుర్రాడికి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ కమిటీ లేదు, ఏ రసీదు లేదు. వడ్డించిన ఇల్లాళ్ళ పేర్లు ఏ రాతిపలక మీదా లేవు. అలా చదువుకున్నవాళ్ళు ప్లీడర్లయ్యారు, డాక్టర్లయ్యారు. అది కూడా స్కాలర్‌షిప్పే. అయితే ఒక్కటి గమనించండి. మన భాషలో వారాలబ్బాయి అన్న మాటుంది గానీ, వారాలమ్మాయి అన్న మాట లేదు. ఆ లెక్కన 300 ఏళ్ళ కిందటి వెనిస్ పెద్దలు, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకున్నా సరే, మనకన్నా ఒక మెట్టు ముందున్నట్టే.

ఆ తాళాన్ని దాటినమ్మాయి కూడా ఒకామె ఉంది. పేరు మద్దలేనా లొంబార్దిని. 1745లో పుట్టింది. ఏడేళ్ళప్పుడు మెండికాంతిలో చేరింది. పియెతా పిల్లలా గూట్లో దొరికిన బిడ్డ కాదు. సంగీతం వచ్చునని పరీక్షించి తీసుకున్నారు. ఆమె ప్రతిభ చూసి, ఆ రోజుల్లో వయొలిన్‌కి పెద్ద దిక్కైన తార్తీని ఆమెకి పాఠాలు చెప్పాడు. విల్లు ఎలా పట్టాలో, ఏది ముందు సాధన చేయాలో వివరిస్తూ 1760లో ఆమెకి రాసిన ఉత్తరం తర్వాత అచ్చయింది. దాన్ని ఇంగ్లీషులోకీ తెచ్చారు. వయొలిన్ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ ఉత్తరం చదువుతారు. ఒక పిల్లకి రాసిన పాఠం లోకానికంతటికీ పాఠమైంది. 1767లో ఆమె సిర్మెన్ అనే వయొలిన్ వాద్యకారుణ్ణి పెళ్ళాడి బయటికొచ్చింది. వాయించడం మానలేదు. మర్నాటి ఏడాదే పారిస్‌లో పేరున్న కచేరీ వేదిక మీద భర్తతో కలిసి వాయించింది. 1771లో లండన్ వెళ్ళింది. తన సొంత రచనలు అచ్చువేయించింది. అందరూ పెళ్ళితో లోపలికి వెళితే, ఆమె పెళ్ళితో బయటికి వచ్చింది. తాళంచెవి ఆమె చేతికి దొరికితే ఏం జరిగిందో చూశారుగా. తక్కినవాళ్ళకీ దొరికుంటే ఏం జరిగేదో ఆలోచించడానికి ఆమె ఒక్కతి చాలు.

మా పిన్ని కూతురు అమెరికాలో తన ఊరి యూత్ ఆర్కెస్ట్రాకి స్కాలర్‌షిప్పులు పోగుచేసే కమిటీలో ఉంది. నెలకో ఆదివారం కేకులతో పాటు మన మైసూర్‌పాకులు కూడా చేసి అమ్ముతుందట. "మీరు డబ్బిచ్చిన పిల్లలంతా పెద్ద విద్వాంసులవుతారా?" అని అడిగాను ఓసారి. "ఆ మాట మేం అడగం అక్కా. దరఖాస్తులో ఆ ప్రశ్నే లేదు. వాయించాలనుందా, ఇంట్లో ఇబ్బందుందా, అంతే. తర్వాత వాళ్ళు నర్సవనీ, లెక్కల టీచరవనీ, వాళ్ళిష్టం. విద్య వాళ్ళది కదా," అంది. నాలుగు ముక్కల్లో చెప్పేసింది గానీ, వెనిస్ నుంచి అక్కడికి రావడానికి లోకానికి 300 ఏళ్ళు పట్టింది. బీద విద్యార్థికిచ్చే డబ్బు ఎంతన్నది ఒక లెక్క. ఇచ్చాక చెయ్యి వెనక్కి తీసుకున్నారా లేదా అన్నది అసలు లెక్క.

ఇక మిగిలింది కాస్త కథ. వివాల్ది 1741లో వియన్నాలో బీదవాడిగా చనిపోయాడు. 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి వెనిస్ ధర్మసంస్థలు ఒక్కొక్కటే దివాలా తీశాయి. 1797లో నెపోలియన్ దెబ్బకి వెనిస్ రాజ్యమే పోయింది. పియెతా మాత్రం పిల్లల్ని ఆదుకునే సంస్థగా నిలబడింది. ఇప్పటికీ ఉంది. కానీ ఆ వాద్యబృందం మెల్లగా కనుమరుగైంది. సముద్రం ఒడ్డున యాత్రికులు వివాల్ది చర్చి అని చూసి వచ్చే కట్టడం ఆయన పోయిన 19 ఏళ్ళకి, 1760లో పూర్తయింది. ఆయన రచనల రాతప్రతులు ఎవరెవరి చేతులో మారి జాడ లేకుండా పోయాయి. 100 ఏళ్ళకి పైగా వివాల్ది అంటే సంగీత చరిత్రకారులకి తప్ప ఎవరికీ పట్టలేదు.

1926లో ఉత్తర ఇటలీలో ఒక మిషనరీ బడివాళ్ళు తమ దగ్గరున్న పాత సంగీత పుస్తకాలు అమ్ముదామనుకుని, ధర కట్టమని ట్యూరిన్ జాతీయ గ్రంథాలయం వారిని అడిగారు. అల్బెర్తో జెంతీలి అనే సంగీత చరిత్ర ఆచార్యుడు వాటిని విప్పి చూశాడు. వివాల్ది స్వహస్తంతో రాసిన సంపుటాలు! కొనడానికి గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు. అప్పుడు రొబెర్తో ఫోవా అనే షేర్ల వ్యాపారి ఆ డబ్బిచ్చాడు. పసితనంలోనే పోయిన తన కొడుకు మౌరో పేరు ఆ పుస్తకాలకి పెట్టమన్నాడు. పరిశీలిస్తే అవి సగమే అని తేలింది. మిగతా సగం ఇంకొక పాత జమీందారీ కుటుంబం దగ్గర ఉంది. వాళ్ళని ఒప్పించి 1930లో కొన్నారు. ఈసారి డబ్బిచ్చింది ఫిలిప్పో జోర్దానో అనే వస్త్ర వ్యాపారి. ఆయనకీ చిన్నప్పుడే పోయిన కొడుకొకడున్నాడు. రెంజో. సగానికి విరిగిన నాణెం రెండు ముక్కలూ చివరికి కలిశాయి.

తల్లిదండ్రులు లేని పిల్లలు వాయించిన సంగీతాన్ని, పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రులు ఇద్దరు కొని లోకానికిచ్చారు. తమ పేర్లు పెట్టుకోలేదు. షరతులు పెట్టలేదు. ఇవాళ వివాల్ది వాయించేవాళ్ళు, ఏ యూత్ ఆర్కెస్ట్రాలో స్కాలర్‌షిప్పు మీద చేరిన పిల్లతో సహా, ఆ కాగితాలకి ఋణపడి ఉన్నవాళ్ళే. ట్యూరిన్ గ్రంథాలయంలో ఆ సంపుటాలకి ఇప్పటికీ 'మౌరో ఫోవా', 'రెంజో జోర్దానో' అన్నవే పేర్లు. వయొలిన్ పట్టుకునే వయసైనా రాకుండా పోయిన ఇద్దరు పిల్లల పేర్లు.